ప్రిపొజిషన్ తప్పిందా? ముందు అది అక్కడ అవసరమో కాదో చూడండి

ఇంగ్లీషు వాక్యంలో ప్రిపొజిషన్ తప్పిందని ఎవరైనా చెప్పగానే చాలామంది "ఇన్" తీసి "ఆన్", "ఆన్" తీసి "ఎట్" పెట్టి చూస్తారే తప్ప, అసలు అక్కడ ఏదైనా ఉండాలా అని ఆలోచించరు. నేను దిద్దిన వాక్యాల్లో ఉన్నదాన్ని కొట్టివేస్తే సరిపోయినవే ఎక్కువ.

సమస్య: "వుయ్ డిస్కస్డ్ అబౌట్ ది ప్రాబ్లమ్" అని రాశారు. చదివితే ఎక్కడా తప్పున్నట్లు తోచదు.

కారణం: "సమస్య గురించి చర్చించాం" అనే అలవాటు వల్ల "అబౌట్" వచ్చిందన్నది నిజమే గాని, అంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది. "డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్" సరైన ప్రయోగమే. నామవాచకానికి చెల్లే ప్రిపొజిషన్‌ను మనం క్రియకు కూడా తగిలిస్తున్నాం. "ఎంఫసిస్ ఆన్" ఒప్పు, "ఎంఫసైజ్ ఆన్" తప్పు. ఒకప్పుడు నేను దరఖాస్తులో "ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్" అని రాసి, నిఘంటువులో "రిక్వెస్ట్ ఫర్" కనబడుతోందని గట్టిగా వాదించాను. నేను చూపిన ఉదాహరణ నామవాచకానిదని, క్రియకు "ఫర్" అక్కర్లేదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

పరిష్కారం: వాక్యాన్ని కర్మణి ప్రయోగంలోకి మార్చండి. "ది ప్రాబ్లమ్ వాజ్ డిస్కస్డ్" అంటే అర్థం పూర్తయింది, "అబౌట్" కోసం వెతుక్కోలేదు. కాబట్టి కర్తరి ప్రయోగంలోనూ అది వద్దు. అదే "ది సాంగ్ వాజ్ లిజన్డ్" అంటే వాక్యం కుంటుతుంది, "టు" ఉండి తీరాలి. "రిజెంబుల్" వంటి కర్మణి రూపం లేని క్రియలకు ఈ పరీక్ష పనికిరాదు. అప్పుడు నిఘంటువు తెరిచి, క్రియ కింద ఇచ్చిన ఉదాహరణనే చూడండి. "ఎంటర్" విషయంలో అర్థం కూడా చూడాలి: గదిలోకి వెళ్లడానికి ప్రిపొజిషన్ వద్దు, ఒప్పందం చేసుకోవడానికి "ఎంటర్ ఇన్‌టు" సరైనది.

సమస్య: "ఐ హావ్ లివ్డ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్."

"2020 నుంచి", "మూడేళ్ల నుంచి" అని తెలుగులో రెండింటికీ ఒకే "నుంచి" వాడడమే దీనికి కారణం. మొదలైన క్షణాన్ని చెబితే "సిన్స్", గడిచిన కాలాన్ని చెబితే "ఫర్".

సమయం చెప్పేటప్పుడు "ఇన్ ది మార్నింగ్" అన్నవారే రోజు పేరు చేరితే "ఆన్ మండే మార్నింగ్" అనాలి. "నెక్స్ట్ మండే" అంటే ముందు ఏదీ అక్కర్లేదు.

వాక్యం చివర ప్రిపొజిషన్ రావడం తప్పు కాదు. "డిఫరెంట్" తర్వాత "ఫ్రమ్" వాడితే ఎక్కడా అభ్యంతరం ఉండదు.