పది చింతపిక్కలతో కూడికలు

మా పాపకి లెక్కల బొమ్మ ఏది కొన్నా వారం తిరక్కుండానే సగం ముక్కలు మంచం కిందకి పోతున్నాయి. ఇప్పుడు చింతపిక్కలతో నడిపిస్తున్నాం, పోయినా బాధ లేదు.

పులుసుకి చింతపండు పిసికినప్పుడు వచ్చిన పిక్కలు ఓ పది కడిగి ఆరబెట్టండి. ఒక్కోదాన్ని ఒక వైపు మాత్రమే గరుకు గచ్చు మీద, అష్టాచెమ్మాకి అరగదీసినట్టే, తెల్లపప్పు కనిపించేదాకా అరగదీయాలి. టైల్స్ మీద అరగవు, గరుకు కాగితం వాడండి. మరీ అరగదీస్తే పిక్క పలచబడి విరిగిపోతుంది.

మొదట ఐదే ఇవ్వండి. గుప్పిట్లో గలగలలాడించి కింద వేయమనండి. తెల్లవి ఎన్ని, నల్లవి ఎన్ని? రెండూ మూడూ, ఒకటీ నాలుగూ... ఎలా పడినా మొత్తం ఐదే అని నాలుగైదు రోజులకి వాళ్లే పట్టేస్తారు. అప్పుడు పదికి వెళ్లండి. ఆ తర్వాత కొన్ని మీ గుప్పిట్లో దాచి, "కింద ఏడున్నాయి, నా చేతిలో ఎన్ని?" అని అడగండి. తీసివేత అనే మాట చెప్పక్కర్లేదు. మా పాప ముందు నా వేళ్ల సందుల్లోంచి తొంగి చూస్తుంది, అది వేరే సంగతి.

మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం వద్దు. నోట్లోనో ముక్కులోనో పెట్టేసుకుంటారు. పెద్దపిల్లలు ఆడుకున్నాక కూడా పదీ లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత పెట్టండి.