చరిత్రలో కారణాలు వెతకడం – 4వ పాఠం: సబ్బు, సుంకం, అంతర్యుద్ధం

"వర్తకం మీద ఆంక్షలు పెట్టారు, పన్నులు బాదారు, జనం తిరగబడ్డారు." అంతర్యుద్ధాల మీద చాలా పుస్తకాల్లో ఇలాంటి వాక్యం తగులుతుంది. ఈసారి దాన్ని తేదీలతో పరీక్షించడం నేర్చుకుందాం. ఉదాహరణ 1642లో రాజుకు, పార్లమెంటుకు మధ్య మొదలైన ఇంగ్లండ్ అంతర్యుద్ధం. నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి: ఫిర్యాదు ఏమిటి, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తీరింది. మూడో గడిని చాలామంది వదిలేస్తారు. కిటుకంతా అక్కడే ఉంది.

మొదటి వరుసలో సబ్బు రాయండి. 1629లో పార్లమెంటును రద్దు చేసిన రాజు మొదటి చార్లెస్ పదకొండేళ్లు దాని ఊసెత్తలేదు. పార్లమెంటు లేకుండా కొత్త పన్ను వేయడం కుదరదు, ఖజానా చూస్తే ఖాళీ. వ్యక్తులకు గుత్త హక్కులు (ఒక సరుకును తయారుచేసి అమ్మే హక్కు ఒక్కరికే కట్టబెట్టడం) ఇవ్వకూడదని 1624 నాటి చట్టం చెప్పింది గానీ, కంపెనీలను మినహాయించింది. ఆ సందు చాలింది. 1632లో వెస్ట్‌మినిస్టర్ సబ్బు కంపెనీకి అలాంటి హక్కుతో పట్టా దక్కింది. బదులుగా టన్నుకు 4 పౌండ్లు రాజుకు ముట్టాలి. లొంగని పాత తయారీదారులు జైలుపాలయ్యారు. కొత్త సబ్బుతో బట్టలు పాడవుతున్నాయని, చేతులు పొక్కుతున్నాయని ఉతికే స్త్రీలు మొత్తుకున్నారు. దాంతో లండన్‌లో అందరి ఎదుటా రెండు రకాల సబ్బుతో బట్టలు ఉతికించి, కొత్తదే మేలని ప్రకటించారు! జనం నమ్మితేగా. ఇంగ్లండ్ ప్రొటెస్టంట్ దేశం; కంపెనీలో కాథలిక్కులు ఉన్నారని ఆ సబ్బుకు ‘పోపు సబ్బు’ అని పేరు పెట్టారు. ఈ వరుస పక్కన ఒక చుక్క పెట్టుకోండి. ధర మీద కోపం, మతం మీద అనుమానం ఇక్కడ ఒకే నురగలో కలిసిపోయాయి. దీన్ని ‘ఆర్థికం’ అని మాత్రమే రాసుకుంటే లెక్క తప్పుతుంది.

రెండో వరుస ఓడరేవు సుంకాలు. పార్లమెంటు సమ్మతి లేని సుంకం కట్టనన్న వర్తకుడు రిచర్డ్ చేంబర్స్, టర్కీలో కూడా వర్తకులను ఇంతగా పిండరని 1628లో అనేశాడు. ఆ మాటకు 2000 పౌండ్ల జరిమానా పడింది. మూడో వరుస నౌకాపన్ను. నౌకాదళం ఖర్చుకని రేవు పట్టణాల నుంచి తీసుకునే ఈ పన్నును 1635లో లోతట్టు జిల్లాలకూ పొడిగించారు. పన్ను కట్టనన్న భూస్వామి జాన్ హాంప్‌డెన్ 20 షిల్లింగుల (ఒక పౌండు) కోసం కోర్టుకెక్కి, 1638లో న్యాయమూర్తుల్లో 7–5 తేడాతో ఓడిపోయాడు.

ఇప్పుడు మూడో గడి నింపండి. స్కాట్లండ్‌తో యుద్ధంలో ఓడి, చేతిలో చిల్లిగవ్వ లేక 1640లో రాజు పార్లమెంటును పిలిచాడు. ఆ నవంబరులోనే గుత్తదారులైన సభ్యులను సభ నుంచి గెంటేయాలని తీర్మానించారు. సుంకాలకు పార్లమెంటు సమ్మతి తప్పనిసరి చేసే చట్టం 1641 జూన్‌లో వచ్చింది. ఆగస్టులో నౌకాపన్ను రద్దయింది. రాజు నాటింగ్‌హామ్‌లో యుద్ధ పతాకం ఎత్తింది 1642 ఆగస్టులో. అంటే పెద్ద ఫిర్యాదులు ఏడాది ముందే తీరిపోయాయి.

కాబట్టి 1640లో రాజు ఎందుకు ఒంటరివాడయ్యాడో పన్నులు చెబుతాయి. 1642లో ఆయన పక్షాన ఒక సైన్యమే ఎలా పోగైందో అవి చెప్పలేవు. ఈ మధ్యలో 1641 అక్టోబరులో ఐర్లండ్ తిరగబడింది. దాన్ని అణచే సైన్యం ఎవరి చేతిలో ఉండాలన్న తగవు రేగింది. 1642 జనవరిలో తనను ఎదిరిస్తున్న ఐదుగురు పార్లమెంటు సభ్యులను పట్టుకోవడానికి రాజు సాయుధులతో స్వయంగా సభలోకి వచ్చాడు.

అభ్యాసం: ఆ ఐదుగురిలో హాంప్‌డెన్ ఒకడు. 1640లో గుత్తదారులను సభలో ఏకిపారేసిన సర్ జాన్ కల్‌పెపర్ మాత్రం యుద్ధంలో రాజు పక్షం చేరాడు. ఇద్దరి పేర్లతో రెండు పట్టికలు వేయండి. మొదటి గడి ఇద్దరికీ దాదాపు ఒకటే వస్తుంది. దారులు ఎక్కడ విడిపోయాయో వెతికి అరపేజీ రాయండి. అందులో మతానికి, సైన్యానికి చెరొక పేరా కేటాయించండి. వచ్చే పాఠంలో లండన్ వర్తకులను ఇలాగే విడదీద్దాం.