నీల్ దీవి నీటి గుంటలు: తిథి చూసుకుని దిగండి

అండమాన్‌లోని నీల్ దీవి (2018 నుంచి షహీద్ ద్వీప్) అనగానే చూపించే ఫొటో లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెన. ఇక్కడ స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటాయి. ఊళ్లకేమో సీతాపూర్, భరత్‌పూర్ అంటూ రామాయణం పేర్లు. వంతెన సరే, అసలు బతుకంతా దాని ముందున్న పగడపు రాళ్ల గుంటల్లో ఉంది. సముద్రం వెనక్కి తీస్తేనే కనిపిస్తుంది.

రోజు ఎంచుకోవడానికి పంచాంగం చాలు. అమావాస్య, పౌర్ణమి, ఆ మర్నాడూ ఎల్లుండీ నీరు బాగా తీస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో అంతగా తీయదు. అప్పుడు సూర్యుడొక వైపు, చంద్రుడు దానికి అడ్డంగా మరో వైపు లాగుతారు మరి. గంట మాత్రం పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) ఆటుపోట్ల పట్టికలో చూడండి. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న చూసొచ్చినవాళ్లు చెప్పిన టైము ఇవాళ పనికిరాదు. డిసెంబరులో సాయంత్రం 5కే పొద్దు గుంకుతుందనీ గుర్తుంచుకోండి. పొద్దున వచ్చి సాయంత్రం పడవెక్కేవాళ్లకు ఈ లెక్కలు కుదరడం అదృష్టమే. ఒక రాత్రి ఉండండి.

నీరు పూర్తిగా తీయడానికి గంట ముందే దిగాలి. హవాయి చెప్పులు వద్దు, పాచి మీద జారతాయి. మడమకు పట్టీ ఉన్న మందపాటి అడుగు చెప్పులు వేసుకోండి. చచ్చిన పగడం కూడా బ్లేడులా కోస్తుంది. గాయమైతే వెంటనే మంచినీళ్లతో కడగాలి, లేదంటే చీము పడుతుంది. ఇసుక మీదో బోడి రాతి మీదో అడుగేయండి, బతికున్న పగడం మీద వద్దు.

గుంట పక్కన అయిదు నిమిషాలు కదలకుండా నిలబడితే పీతలు, చిన్న చేపలు వాటంతటవే బయటికొస్తాయి. నీలం, ఆకుపచ్చ పెదవులున్న పెద్ద ఆల్చిప్ప కనిపిస్తే మీ నీడ దాని మీద పడనీయకండి, మూసుకుపోతుంది. దేన్నీ ముట్టుకోవద్దు. రాయిలా పడి ఉండే రాతిచేప ముళ్లలో విషం; శంకువు ఆకారపు గవ్వల్లో కొన్నిటి కాటుకు మనుషులు చనిపోయారు.

నీరు తిరిగాక అరగంటలో బయటపడండి. మొదటి గంట మెల్లగా పెరిగి, మూడో గంటకల్లా తోసుకొస్తుంది. గవ్వలు, పగడపు ముక్కలు జేబులో వేసుకోవద్దు. వన్యప్రాణి చట్టం ఉంది, విమానాశ్రయంలో సంచీ విప్పిస్తారు.