గ్లాసెత్తే ముందు మొగిలి ఘాట్‌ని తలుచుకోండి

ఎండలు ముదిరాయంటే మా నెల్లూరు కుర్రోళ్ళకు బెంగళూరు గుర్తొస్తుంది. పిల్లల పరీక్షలు అయిపోయి ఇంట్లోవాళ్ళు పుట్టింటికి వెళ్ళగానే నలుగురు కలిసి కారెక్కుతారు. ఇదివరకు లాల్‌బాగ్ చూసొస్తాం అనేవాళ్ళు, ఇప్పుడు ఏ దాపరికం లేకుండా, బీరు అక్కడే తయారుచేసి పోసే బ్రూవరీ పేరే చెబుతున్నారు. కావలి, ఒంగోలు వాళ్ళదీ ఇదే వరస. వెళ్ళొద్దని నేను చెప్పను. నేనూ వెళ్తాను. దెబ్బ తిన్నాక తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి, బయల్దేరే ముందే వినండి.

అక్కడ పోసేది మన వైన్ షాపు బీరు కాదు. దాన్ని కల్లుతో పోల్చుకుంటేనే మనకు తొందరగా అర్థమవుతుంది. తాటితోపులో పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి, సాయంత్రానికి పులిసి, మర్నాటికి నోట పెట్టలేకుండా అవుతుంది కదా. ఈ బీరు అంత తొందరపడదు గానీ జాతి అదే. గాజు గోడ వెనక కనిపించే స్టీలు ట్యాంకుల్లోనే పులిసి, అక్కడి కుళాయి నుంచే గ్లాసులోకి వస్తుంది. తాటితోపులో ఉన్నట్టే ఇక్కడా చేసిన ప్రతిసారీ రుచి కాస్త మారుతుంది. అందుకే పోయినసారి తాగిందే కదా అని లెక్క తప్పకండి.

లెక్కంటే గుర్తొచ్చింది. మెనూలో ప్రతి బీరు పక్కన ఆల్కహాలు శాతం వేసి ఉంటుంది. మనవాళ్ళు ధర చూస్తారు, దాన్ని చూడరు. అయిదు శాతం బీరు అర లీటరు తాగితే అందులో అసలు ఆల్కహాలు 25 మిల్లీలీటర్లు. అరవై ఎంఎల్ లార్జ్ విస్కీలో ఉండేది కూడా దాదాపు అంతే. ఐపీఏ అనే చేదు బీరు ఏడు శాతం దాకా ఉంటుంది, అంటే ఒక్క అర లీటరు మగ్గు ఒకటిన్నర లార్జ్‌కు దగ్గర. ‘బీరే కదన్నా’ అనే మాట అక్కడ చెల్లదు.

శాంపిలర్ పళ్ళెంతో ఇంకాస్త జాగ్రత్త. చిన్న చిన్న గ్లాసులు ఆరు వరసగా పెట్టి తెస్తారు. ఒక్కొక్కటి వంద మిల్లీలీటర్లు అనుకున్నా మొత్తం అర లీటరు దాటింది. అదంతా రుచి చూడటం కిందే పోతుంది, అసలు తాగడం ఆ తర్వాత మొదలుపెడతారు! నేనైతే ఆ పళ్ళెం ఇద్దరికి ఒకటి చెబుతాను. ఇందిరానగర్‌లోని టాయిట్‌లో బాస్మతి బ్లాండ్ అని బియ్యం కలిపి చేసే బీరు ఒకటుంది. మొలగొలుకుల బియ్యం పండించిన జిల్లా వాళ్ళం, బాస్మతితో బీరేందబ్బా అని మావాడొకడు అక్కడే అలిగాడు. రుచి మాత్రం బాగుంది.

ఖాళీ కడుపుతో కూర్చోవద్దు. కారు దిగి నేరుగా అక్కడికి వెళ్ళకుండా ముందు అన్నం తినండి, పెరుగన్నమైనా సరే. బెంగళూరులో చల్లగా ఉంటుంది కాబట్టి దాహం తెలియదు. కానీ దారంతా ఏసీ కారులోనో, ఎండలోనో వచ్చిన ఒళ్ళు అప్పటికే ఎండిపోయి ఉంటుంది. బీరు ఉన్న నీటిని కూడా బయటికి పంపేస్తుంది. మగ్గుకో గ్లాసు మంచినీళ్ళు తాగండి.

మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వెళ్ళకండి. షుగరు మాత్రలు వేసుకుని తిండి మానేసి తాగితే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు, పక్కవాళ్ళేమో తాగి పడిపోయాడనుకుంటారు. కడుపు ఇన్ఫెక్షన్‌కు, పళ్ళ నొప్పికి ఇచ్చే మెట్రోనిడజోల్ వాడుతుంటే ముట్టుకోవద్దనే చెబుతారు. నిద్రమాత్రల సంగతి వేరే చెప్పక్కర్లేదు. గోధుమ పడనివాళ్ళు, పాలు పడనివాళ్ళు బీరులో ఏమేం కలిపారో అడగాలి. మిల్క్ స్టౌట్ అనే నల్ల బీరులో పాల చక్కెర ఉంటుంది.

ట్యాంకుల గది చూపిస్తామంటే సంతోషమే, వెళ్ళండి. చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్ళండి, నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది గాలి కన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. సెల్ఫీ కోసం ట్యాంకు మూతలోకి తల పెట్టడం లాంటి పనులు వద్దు. తాగాక కాదు, తాగకముందే చూసి రండి.

నేను భయపడేది వీటన్నిటికన్నా తిరుగు ప్రయాణానికి. రాత్రి కారు తీయకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. క్యాబ్‌లో రూముకు వచ్చి బుద్ధిగా పడుకుంటారు. తప్పు జరిగేది తెల్లారాక.

రెండేళ్ళ కిందట మేమూ అలాగే చేశాం. రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టి పన్నెండు దాటాక లేచాం. మా బావ గోధుమ బీరు రెండు, ఐపీఏ మూడు తాగాడు, అన్నీ అర లీటరువే. పొద్దున ఆరున్నరకు స్నానం చేసి, ఫిల్టర్ కాఫీ తాగి, ‘ఫ్రెష్‌గా ఉన్నా రా’ అని స్టీరింగు పట్టాడు. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగేటప్పుడు ముందు లారీ స్లో అయింది. బావ బ్రేకు మీద కాలు వేశాడు, వేయాల్సిన క్షణం దాటాక వేశాడు. కారు ఎడమ పక్కంతా రెయిలింగుకు గీసుకుపోయింది. మనుషులకు ఏమీ కాలేదు. చిత్తూరు వచ్చేదాకా కారులో ఒక్కరం మాట్లాడలేదు.

తర్వాత కూర్చుని లెక్కేశాను. ఆ అయిదు మగ్గుల్లో ఆల్కహాలు 120 గ్రాములు పైనే. మన లివరు గంటకు ఏడెనిమిది గ్రాములు కరిగిస్తుంది, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. అంటే పదిహేను గంటలు. ఘాట్ దిగుతున్నది తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఒళ్ళు ఖాళీ అయ్యేది పదకొండు దాటాకే. స్నానం, కాఫీ, నిమ్మరసం ఏవీ ఆ గంటలను తగ్గించవు. మత్తు వదిలినట్టు అనిపించడం వేరు, రక్తంలోంచి పోవడం వేరు. చట్టం చూసేది రక్తాన్నే. వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ.

కాబట్టి రాత్రి తాగితే మర్నాడు మధ్యాహ్నం భోంచేశాక బయల్దేరండి. లేదా జీతానికి డ్రైవర్‌ని మాట్లాడుకోండి, ఆయనకు గది, భోజనం మీ ఖర్చే. నలుగురు పంచుకుంటే పెద్ద మొత్తమేమీ కాదు. రైలైతే ఒంగోలు, నెల్లూరు మీదుగా శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రి నిద్రపోతే పొద్దున బెంగళూరు. తిరుగు టికెట్ తాగే రాత్రికి మాత్రం పెట్టుకోకండి, రైల్లో తూలుతూ గొడవ చేస్తే రైల్వే చట్టం కింద అదీ కేసే.

తేదీలు కూడా చూసుకోండి. ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి రోజుల్లో మూసేస్తారు. అక్కడ ఎన్నికలుంటే పోలింగు ముగిసే ముందు 48 గంటలు చుక్క దొరకదు. కుర్రవాళ్ళు ఆధార్ దగ్గర పెట్టుకోవాలి, 21 నిండలేదని అనుమానమొస్తే గుమ్మంలోనే ఆపుతారు.

ఇక ఇంటికి తేవడం. సీసాలో నింపించుకుని, ఊళ్ళో ఫ్రెండ్స్‌కు రుచి చూపిద్దామని అనిపిస్తుంది. నంగిలి దాటి ఆంధ్రాలోకి వచ్చాక పక్క రాష్ట్రం మందు దొరికితే బండితో సహా ఇరుక్కుంటారు. అదీ గాక నెల్లూరు చేరేసరికి ఆ వేడికి అది బీరు రుచిలో ఉండదు. మావాడొకడు తెచ్చాడు. మూత తీయగానే సగం కారు సీటు మీదికి పొంగింది, మిగతా సగం తాగినవాడు లేడు. ఆ వాసన శ్రావణం దాకా పోలేదు.