ఎర్ర ఫోన్ బాక్సులో బుల్లి గ్యాలరీ: దరఖాస్తు ఎవరి పేరున?

బ్రిటన్‌లో వాడకం పడిపోయిన ఎర్ర ఫోన్ బాక్సుల్ని బీటీ అనే టెలిఫోన్ సంస్థ 'అడాప్ట్ ఎ కియోస్క్' పథకం కింద ఒక్క పౌండుకే ఇస్తుంది. సెటిల్ అనే ఊళ్లో 2009లో అలాంటి బాక్సులోనే గ్యాలరీ తెరిచారు. ఒకరు లోపలికెళ్తే రెండోవాళ్లు బయట ఆగాల్సిందే, సరదా అంతా అందులోనే ఉంది.

దరఖాస్తు మామూలుదే. బాక్సు ఎక్కడుందో రాసి బీటీకి పంపాలి, అంగీకరిస్తే ఒప్పందం మీద సంతకం, లోపలి ఫోన్ వాళ్లే తీసేస్తారు.

ఆగిపోయేది ఒక్కచోట. రోడ్డు పక్కన ఉన్న బాక్సును మామూలు మనిషి పేరున ఇవ్వరు. పారిష్ కౌన్సిల్ (మన గ్రామ పంచాయతీ లాంటిది) లేదా టౌన్ కౌన్సిల్ అడగాలి, లేదా రిజిస్టర్డ్ చారిటీ. బాక్సు మీ సొంత స్థలంలో ఉంటే వేరే సంగతి. కాబట్టి "మీ పేరున ఇప్పిస్తా, ఫీజు ఇవ్వండి" అని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి. బాగుచేసిన పాత బాక్సులు అమ్మేవాళ్లు ఉన్నారు, అది కొనుక్కోవడం, దీనికీ దానికీ సంబంధం లేదు.

అలాగని టెన్షన్ పడకండి, చిన్న ఊళ్లలో పారిష్ కౌన్సిల్ క్లర్క్‌కి ఒక మెయిల్ పెడితే పని మొదలవుతుంది. కాకపోతే సభలో నోటిమాటగా "సరే" అనిపించుకుని వచ్చేయకండి: అజెండాలో లేని విషయం మీద కౌన్సిల్ నిర్ణయం తీసుకోకూడదు, ఆ అజెండా కూడా సభకు కనీసం 3 పూర్తి రోజుల ముందే బయట పెట్టాలి, అందుకే ముందుగా అజెండాలో పెట్టించి, తీర్మానం మినిట్స్‌లో రాయించి, కాపీ తీసుకోండి. బాక్సు కౌన్సిల్‌ది, నడిపేది మీరు. అద్దం పగిలితే ఖర్చెవరిది, బీమా ఎవరు కట్టాలి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, స్నేహితులే అయినా సరే.

తర్వాత అది లిస్టెడ్ కట్టడమేమో, అంటే చారిత్రక విలువ ఉందని చట్టపరంగా రక్షణ జాబితాలో పెట్టినదేమో చూడండి. 1935లో ఆర్కిటెక్ట్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ గీసిన కె6 మోడల్ బాక్సులు కొన్ని ఆ జాబితాలో గ్రేడ్ 2 అనే స్థాయి కిందికొస్తాయి. ఇంగ్లండ్‌లో అయితే హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ జాబితాలో ఉచితంగా వెతుక్కోవచ్చు. లిస్టెడ్ అయితే దాని రూపాన్ని మార్చే ఏ పనికైనా స్థానిక ప్లానింగ్ విభాగం నుంచి ముందే అనుమతి కావాలి, ఇంగ్లండ్‌లో దానికి ఫీజు లేదు, కానీ అనుమతి లేకుండా మార్చడం నేరం. ఎరుపు మీద పసుపు చుక్కలు వేయాలన్న ఆలోచన ఉంటే ముందు వాళ్లనే అడగండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకకండి.