వివాహ సంస్కారం – ఇంటి దగ్గర అభ్యాసం, 3వ పాఠం: ‘కొరకు’ అన్న మాటను చదవడం

గత పాఠంలో సమ్మతి గురించి చదివాము. వధూవరులే ఒకరికొకరు ఈ సంస్కారాన్ని ఇచ్చుకుంటారనీ, గురువు తిరుసభ పక్షాన నిలబడి వారి సమ్మతిని అడిగి స్వీకరిస్తారనీ లాటిను తిరుసభ (కతోలిక సంఘంలో మనం చెందిన రోమను రీతి శాఖ) బోధను చూశాము. ఈ వారం నేర్చుకోవలసిన పని ఒక్కటే. తిరుసభ చట్టంలోని ఒక్క వాక్యాన్ని పెన్సిలు పట్టుకొని, పక్కవారి వివరణ లేకుండా, మీ అంతట మీరు చదవగలగాలి. మనం ఉండేది బెంగళూరులో. జ్ఞానస్నాన పత్రం గుంటూరు నుంచో ఖమ్మం నుంచో తెప్పించుకుంటాము, వివాహ శిక్షణ తరగతులు ఎక్కువగా ఇంగ్లీషులో వింటాము, విచారణ (పారిష్) గురువు అడిగిన ప్రశ్నకు తల ఊపి సంతకం పెట్టి వస్తాము. అసలు విషయం సొంత భాషలో ఒకసారైనా నోట నలగకపోతే ఆ సంతకానికి బరువు ఉండదని నా అభిప్రాయం.

1983 నాటి తిరుసభ చట్టంలో 1055వ కానను (చట్టంలోని ఒక్కొక్క సూత్రాన్ని కానను అంటారు) మొదటి ఖండాన్ని నోటు పుస్తకంలో ఇలా రాసుకోండి: ఒక పురుషుడూ ఒక స్త్రీ తమ మధ్య జీవితమంతటి భాగస్వామ్యాన్ని నెలకొల్పుకొనే వివాహ నిబంధన, తన స్వభావం చేతనే దంపతుల మేలు కొరకూ, సంతానాన్ని కని పెంచడం కొరకూ ఏర్పడి ఉన్నది, జ్ఞానస్నానం పొందినవారి మధ్య ఆ నిబంధనను క్రీస్తు ప్రభువు దివ్య సంస్కారపు గౌరవానికి పెంచాడు. ఈ తెలుగు నాది. అధికారిక పాఠం లాటినులో ఉంది. వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివి, ‘నిబంధన’, ‘భాగస్వామ్యం’, ‘కొరకు’ అనే మూడు మాటల కింద గీత గీయండి.

‘నిబంధన’ దగ్గర తెలుగువారు తరచు జారిపడతారు. ప్రకటనల చివర ‘నిబంధనలు వర్తిస్తాయి’ అని విని విని, ఆ మాట వినగానే మనకు షరతులు గుర్తుకు వస్తాయి. ఇక్కడ దానికి ఆ అర్థం లేదు. పూర్వ నిబంధన, నూతన నిబంధన అనేటప్పటి అర్థాన్నే తీసుకోవాలి. దేవుడు తన ప్రజతో తెంచుకోని బంధం చేసుకున్నట్లు, ఇద్దరు మనుషులు ఒకరికొకరు తమను తాము ఇచ్చుకోవడమే నిబంధన. ‘భాగస్వామ్యం’ అన్న మాట నాకూ పూర్తిగా నచ్చలేదు, అందులో వ్యాపారపు వాసన ఉంది. ‘సహజీవనం’ అని రాద్దామంటే, ఆ మాటకు ఈ నగరంలో పెండ్లి లేకుండా కలిసి ఉండడం అనే అర్థం స్థిరపడిపోయింది. చేసేది లేక భాగస్వామ్యాన్నే ఉంచాను. మీరు చదివేటప్పుడు లాభనష్టాల లెక్కను దాని నుంచి తీసివేసి చదవండి.

ఇక ఈ పాఠానికి ప్రాణం ‘కొరకు’. బడిలో వల్లె వేసిన విభక్తులను గుర్తు చేసుకోండి: ‘కొఱకున్, కై’ చతుర్థీ విభక్తి. అది ప్రయోజనాన్ని, అంటే ఒక పని ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉన్నదో ఆ దిక్కును, చెబుతుంది. ఆ పని ముగిసిందా, ఫలితం చేతికి వచ్చిందా అన్నది చెప్పదు. బెంగళూరులో విజయవాడ బండి ఎక్కినవాడు నంద్యాల దగ్గర బండి నిలిచిపోయి రాత్రంతా ప్లాటుఫారం మీద గడిపినా, అతడు ఎక్కినది విజయవాడ బండే. తెలిసి తెలిసి మైసూరు బండి ఎక్కి, విజయవాడ వెళుతున్నానని ఇంటికి ఫోను చేసినవాడి సంగతి వేరు.

ఈ తేడా నాకు పుస్తకంలో దొరకలేదు. కొన్నేళ్ల క్రితం విచారణ హాలులో తెలుగు జంటలకు మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు, బోర్డు మీద ‘వివాహ ప్రయోజనం = పిల్లలు’ అని పెద్ద అక్షరాలతో రాశాను. రెండవ వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి అప్పటిదాకా రాసుకుంటున్నది, పెన్నుకు మూత పెట్టి పుస్తకం మూసేసింది. తరగతి ముగిశాక వచ్చి, “అన్నయ్యా, నాకు పిల్లలు పుట్టడం కష్టమని డాక్టరు చెప్పారు. బిడ్డలను స్వీకరిస్తారా అని పీఠం ముందు అడిగే ఆ ప్రశ్నకు ఇక నేను అబద్ధం చెప్పాలా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తప్పు ఆ సమీకరణం గుర్తుది; ‘కొరకు’ ఉండవలసిన చోట నేను ‘=’ పెట్టాను.

ఆమెకు ఆనాడే చెప్పవలసిన జవాబు చట్టంలోనే ఉంది. సంతానలేమి పెండ్లికి అడ్డంకి కాదనీ, పెండ్లిని చెల్లకుండా చేయదనీ 1084వ కానను స్పష్టంగా చెబుతుంది. అయితే అదే కానను మరొక షరతును గుర్తు చేస్తుంది: అవతలివారి సమ్మతిని రాబట్టడానికి ఈ సంగతిని మోసపూరితంగా దాచిపెడితే, 1098వ కానను ప్రకారం ఆ సమ్మతే చెల్లకపోవచ్చు. కనుక ముందే చెప్పుకోవాలి. పెద్దవారి ద్వారా కబురు పంపకుండా, ఆ ఇద్దరే కూర్చొని చెప్పుకోవాలి. ఎంత కోరుకున్నా బిడ్డలు కలగని చోట కూడా వివాహం సంపూర్ణ జీవిత సహవాసంగానే నిలుస్తుందనీ, దాని విలువ చెక్కుచెదరదనీ ప్రపంచంలోని కతోలిక పీఠాధిపతులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది.

ఇప్పుడు వాక్యంలోని రెండు ‘కొరకు’లను పక్కపక్కన పెట్టి చూడండి. 1917 నాటి పాత చట్టం 1013వ కాననులో సంతానాన్ని కని పెంచడాన్ని ప్రథమ ప్రయోజనమనీ, పరస్పర సహాయాన్నీ కామవాంఛకు విరుగుడునూ ద్వితీయమనీ విడదీసింది. మన ఇళ్లలో అమ్మమ్మలు సత్యోపదేశంలో నేర్చుకున్నది ఆ వరుసే. 1983 చట్టం ఈ ప్రథమ, ద్వితీయ అనే మాటలను వదిలివేసి, దంపతుల మేలును ముందు పేర్కొన్నది. ఇది చూసి, పిల్లలు ఇప్పుడు రెండవ స్థానానికి దిగారని కొందరు తీర్పు చెబుతారు. ముందు పేర్కొన్నంత మాత్రాన పైమెట్టు అని చట్టం ఎక్కడా అనలేదు. పైగా దంపతుల మేలు నిన్న మొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. పాత చట్టం అమలులో ఉన్న 1930లోనే 11వ పయస్ పోపుగారు, వివాహాన్ని విశాలమైన అర్థంలో జీవితాల కలయికగా చూస్తే, భార్యాభర్తలు ఒకరినొకరు తీర్చిదిద్దుకోవడమే దాని ముఖ్య కారణమని చెప్పవచ్చునని రాశారు. మేలు అంటే సుఖం కాదని ఆ ‘తీర్చిదిద్దుకోవడం’ అన్న మాటే చెబుతున్నది. 1968 నాటి హ్యూమనే వీటే లేఖలో 6వ పౌలు పోపుగారు దాంపత్య క్రియలోని ఐక్యతా భావాన్నీ సంతాన భావాన్నీ మనిషి తన చేతులతో విడదీయరాదని బోధించారు. దాని వివరం 6వ పాఠంలో వస్తుంది.

‘కని పెంచడం’ అన్నది మనకు జంటపదంలా వినిపిస్తుంది గానీ అందులో రెండు పనులున్నాయి. పిల్లల శారీరక, సామాజిక, సాంస్కృతిక, నైతిక, మత సంబంధమైన పెంపకం తల్లిదండ్రుల అతి గంభీరమైన బాధ్యత అనీ, వారి ప్రథమ హక్కు అనీ 1136వ కానను అంటుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ జపమాల నేర్పితే సంతోషమే. బాధ్యత మాత్రం ఆమె పేరుకు బదిలీ కాదు.

అభ్యాసానికి వద్దాము. వివాహ క్రమంలో సమ్మతికి ముందు గురువు అడిగే మూడవ ప్రశ్న సారాంశం ఇది: దేవుడు ఇచ్చే బిడ్డలను ప్రేమతో స్వీకరించి, క్రీస్తు ధర్మం ప్రకారం, ఆయన తిరుసభ ధర్మం ప్రకారం పెంచడానికి మీరు సిద్ధమేనా? ఇందులో క్రియాపదాల మీద వేలు పెట్టండి. ‘కంటారా’ అని అడగలేదు, ‘స్వీకరించడానికి సిద్ధమేనా’ అని అడిగారు. ఇది పట్టుబడిందో లేదో ఈ ఊహా జంటలతో పరీక్షించుకోండి. మారతహళ్లిలో ఉండే ఒక జంట, అబ్బాయి అమ్మానాన్నల వైద్యానికి చేసిన అప్పు తీరేవరకు రెండేళ్లు ఆగుదామనుకున్నది. మరొక జంటలో అమ్మాయికి తెలియకుండా అబ్బాయి, ఎన్నటికీ పిల్లలు వద్దనే గట్టి నిర్ణయంతో పీఠం ముందుకు వచ్చి ‘సిద్ధమే’ అన్నాడు. మూడవది, అరవై దాటిన వితంతువూ భార్యను పోగొట్టుకున్న పెద్దాయనా. ఒక్కొక్క జంట ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉన్నదో నాలుగు వాక్యాల్లో రాసి, ఆ తర్వాతే కింద చదవండి.

మొదటి జంట వాయిదా వేసింది, దిక్కు మార్చలేదు. ఆగడానికి వారు ఎంచుకొనే పద్ధతి వేరే ప్రశ్న. రెండవ జంటలో అబ్బాయి మైసూరు బండి ఎక్కాడు. వివాహ సారానికి చెందినదాన్ని సంకల్పపూర్వకంగా తోసివేసి చెప్పిన సమ్మతి చెల్లదని 1101వ కానను చెబుతుంది. అయితే ఫలానా పెండ్లి చెల్లిందా లేదా అని తేల్చవలసింది తిరుసభ న్యాయస్థానం. ఆ తీర్పు మన హాలులో చెప్పేది కాదు. మూడవ జంటను ఈ ప్రశ్న అడగకుండా వదిలివేయవచ్చునని వివాహ క్రమమే అనుమతిస్తుంది, వారి పెండ్లి మాత్రం అన్ని పెండ్లిళ్లలాంటి సంపూర్ణమైన పెండ్లే.

మీ జవాబు ఎక్కడైనా వేరుగా ఉంటే కొట్టివేయకుండా పక్కన తేదీ వేసి ఉంచండి. వచ్చే పాఠం 1056వ కానను: ఏకత్వం, విడదీయరానితనం. అది మరీ చిన్న వాక్యం కనుక ముందే కంఠస్థం చేసి రండి.