సీసం లేని పెరోవ్‌స్కైట్: వెలుతురుకు కరెంటు ఎంత పెరుగుతుందో కొలవడం

పెరోవ్‌స్కైట్ అంటే ఒక ప్రత్యేక స్ఫటిక అమరిక ఉన్న పదార్థం. సీసం స్థానంలో వెండి, బిస్మత్ చేరిన సీజియం సిల్వర్ బిస్మత్ బ్రోమైడ్‌తో మొదలుపెట్టండి. సీసపు అయొడైడ్ పెరోవ్‌స్కైట్‌లా తేమకు వెంటనే చెడిపోదు.

10 మి.లీ. 48 శాతం హైడ్రోబ్రోమిక్ ఆమ్లంలో 0.426 గ్రా. సీజియం బ్రోమైడ్, 0.449 గ్రా. బిస్మత్ బ్రోమైడ్ కరిగించి 0.188 గ్రా. సిల్వర్ బ్రోమైడ్ కలపండి. సిల్వర్ బ్రోమైడ్ పాత ఫొటో ఫిల్ముల్లో వాడిన పదార్థమే, కాబట్టి మసక వెలుతురులో తూచండి. సీసా మూత బిగించి 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 గంటలు ఉంచి, గంటకు 1 డిగ్రీ చొప్పున చల్లార్చాలి. తొందరపడితే స్ఫటికాలు కాదు, పొడి దిగుతుంది. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లో (విషవాయువులను బయటికి లాగే పెట్టెలో), చేతి తొడుగులతోనే.

స్ఫటికం నునుపైన ముఖం మీద 1 మి.మీ. ఎడంతో రెండు బంగారు పట్టీలు వేయించి, సన్నని తీగలను కార్బన్ పేస్టుతో అంటించండి. సిల్వర్ పేస్టు వద్దు. బ్రోమైడ్‌తో చర్య జరిగి కాంటాక్టు చెడే ప్రమాదం ఉంది.

ఎక్కువ మంది తప్పేది చీకటి కొలత దగ్గరే. ఈ స్ఫటికం నిరోధం చాలా ఎక్కువ, చీకటిలో పారేది నానో ఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. మామూలు మల్టీమీటరుకు అది అందదు. ఎలక్ట్రోమీటరు (అతి చిన్న కరెంట్లను కొలిచే పరికరం), లోహపు డబ్బా, షీల్డ్ ఉన్న కేబుల్ కావాలి. 5 వోల్టులు ఇచ్చాక కరెంటు నెమ్మదిగా జారుతూనే ఉంటుంది, ఎందుకంటే లోపల బ్రోమైడ్ అయాన్లు కదులుతుంటాయి. అది నిలకడకు వచ్చేదాకా దీపం వెలిగించకండి. వోల్టేజిని పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలిస్తే రెండు గీతలు కలవకపోవడానికీ ఈ అయాన్లే ముఖ్య కారణం.

దీని బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ను విడిపించి కదిలేలా చేయడానికి కావాల్సిన కనీస శక్తి, సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు. 450 నానోమీటర్ల నీలి ఎల్‌ఈడీ సరిపోతుంది. వెలుతురు పట్టీల మధ్య సందులోనే పడాలి. సున్నా వోల్టుల దగ్గరే కరెంటు కనిపిస్తే, వెలుతురు ఒక పట్టీ అంచు మీదికి ఎక్కువగా పోతోందేమో చూడండి.

ఇక వెలుతురును పది రెట్లు పెంచండి. అదనపు కరెంటు (చీకటి కరెంటు తీసేశాక మిగిలేది) కూడా పది రెట్లయితే మేలు. మూడు రెట్లకు కాస్త పైన ఆగితే, ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు) పట్టీలకు చేరకముందే ఒకదానితో ఒకటి కలిసి పోతున్నట్టు. దీపం ఆర్పాక కరెంటు సెకన్ల తరబడి తగ్గుతుంటే స్ఫటికంలోని లోపాల్లో చిక్కిన ఛార్జినో, వేడినో అనుమానించండి. 850 నానోమీటర్ల దీపంతో మళ్లీ కొలవండి: స్ఫటికం దాన్ని దాదాపు పీల్చుకోదు, అయినా కరెంటు కదిలితే మొదట తీగలు, పట్టీలు వేడెక్కుతున్నాయేమో చూడాలి.